అన్నం వేళకు వచ్చే బండి

తెల్లవారినప్పటి నుంచి మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి దిగి, కురవకుండా, కదలకుండా నిలిచి ఉంది. టైలరు తన కొట్టు వెనక ఉన్న షెడ్డు రేకు తలుపు సగం ఎత్తాడు. బయట ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"కురవదు లెండి. పొద్దున్నుంచీ అలాగే బిగబట్టుకుని ఉంది. వంగి రండి లోపలికి, తల జాగ్రత్త. అయినా కుట్టుపనైతే ముందు వైపు కొట్టుకి రావాలి పెద్దాయనా, ఇటు కాదు."

"కుట్టుపని కాదు. బండి పని."

"నేను మెకానిక్‌ని కాదండీ, టైలర్ని. ఇది నా సొంత బండి. నా సొంత రోగం."

"తెలుసు. దీని గురించే వచ్చాను. శబ్దం గురించి."

"ఓహో. ఏ వీధి వాళ్ళు పంపారు? దొరగారు దగ్గినా తప్పే ఈ ఊళ్ళో."

"దొరగారెవరు?"

"ఇదేనండీ, ఆ గుడ్డ కింద పడుకున్న కారు. జర్మనీ నుంచి దిగింది కదా, మా ఇంట్లో అందరూ దొరగారనే అంటారు. దొరగారికి జ్వరం. దొరగారికి మోకాళ్ళ నొప్పులు. దొరగారి మందు ఓడ దిగలేదు. ఇవన్నీ మా ఆవిడ మాటలు. నెలలో వారం నేను దాని మీద తిరుగుతానట, మూడు వారాలు అది నా మీద కూర్చుంటుందట."

"శబ్దం తగ్గించాలి బాబూ."

"ఎందుకు తగ్గించాలండీ?"

"మా ఆవిడకి పడటం లేదు. తిండి లేదు, నిద్ర లేదు."

"నిద్రకి నేనేం అడ్డం? రాత్రిళ్ళు బండి తియ్యనే తియ్యను. మధ్యాహ్నం కొట్టు మూసి అన్నానికి ఇంటికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. మీ ఇల్లెక్కడ?"

"పంప్ హౌస్ వీధి. చివరి ఇల్లు."

"ఆ మలుపు దాటాక, ఆకుపచ్చ గేటు."

"ఆ గేటే. అన్నం వేళకి వస్తుంది చూడు, అదే పడటం లేదు. సైలెన్సర్ వేయించు."

"వెనక సైలెన్సర్ ఉందండీ. మధ్యది లేదు. అది నేను తీసింది కాదు, నాకు అలాగే వచ్చింది. నా దాని ఇంజను పట్టేస్తే ఏడాది పాటు ఇలా మూలన పడుంది. చివరికి పాత ఇనుము కొట్టులో అచ్చం ఇలాంటిదే ఇంకోటి దొరికింది. పార్టుల కోసం కొన్నాను. ఇంజను, గేరుబాక్సు, ఈ పొగ గొట్టం, అన్నీ దానివే. ఇదిగో, కింద పెట్టాను, చూడండి. మధ్య డబ్బా కోసేసి, ఆ చోట తిన్నటి గొట్టం అతికించాడు ఎవడో. ఎవడో గానీ పనిమంతుడు. ఆ అతుకు చూడండి. బట్ట మీద నా కుట్టు కూడా అంత సమంగా రాదు. వేలితో తడమండి, తగలదు."

"అక్కర్లేదు."

"ఒకసారి తడిమి చూడండి, తెలుస్తుంది. ఇలాంటి పనిని చెరిపి డబ్బా పెట్టమంటే ఎలా?"

"చూశాను బాబూ. మా వాకిట్లోనే అతికించాడు."

"ఎవరు?"

"మా వాడు."

"అంటే, ఆ బండి..."

"మా వాడిది. కొట్టువాడు చెప్పలేదా?"

"చెప్పలేదండీ."

"నువ్వు అడగలేదా?"

"పక్కనుంచి లారీ గుద్దిందన్నాడు. ఇంజనుకి దెబ్బ తగల్లేదన్నాడు. పార్టులు కొనేటప్పుడు అంతవరకే అడుగుతామండీ, అందరం అంతే. గేర్లు పడుతున్నాయా, నీళ్ళు కారుతున్నాయా, అద్దాలున్నాయా."

"సీట్లు తీసుకున్నావా?"

"సీట్లా?"

"మంచి తోలు సీట్లు. నువ్వు టైలరువి. అన్నిటికంటే ముందు నీ కన్ను పడేది వాటి మీదే."

"తీసుకోలేదు."

"ఏం?"

"నావి నేనే కుట్టుకుందామని... ఈ సీట్లు, తలుపుల లోపలి గుడ్డ, పైకప్పు గుడ్డ, అన్నీ నా మిషను మీదే కుట్టాను, అందుకని..."

"వాటి మీది మరకలు చూశావన్నమాట."

"కూర్చోండి పెద్దాయనా. ఆ స్టూలు గట్టిదే."

"నిలబడతాను."

"మంచినీళ్ళిస్తా."

"వద్దు. ఆ దుప్పటి కింద ఉన్నది ఇంజనేనా?"

"అదే. దింపి స్టాండు మీద పెట్టాను."

"దుప్పటి తియ్యి."

"ఎందుకులెండి ఇప్పుడు."

"తియ్యమన్నాను కదా."

"తీశాను. చూడండి. బాగానే చూసుకుంటున్నానండీ దీన్ని."

"ఈ చివర బోల్టు ఇత్తడిది. గమనించావా?"

"వచ్చిన రోజే గమనించాను. తక్కినవన్నీ ఇనపవి, ఇదొక్కటే వేరే జాతి. జర్మనీ నుంచి అసలుది తెప్పిస్తున్నాను, మార్చేస్తా."

"అది పంప్ హౌస్‌ది. నా సర్వీసంతా అక్కడే, మోటార్ల దగ్గర. మా వాడు ఇంజను విప్పినప్పుడు ఒక బోల్టు ఎక్కడో జారిపోయింది. ఇల్లంతా వెతికాడు, కాలవలో చెయ్యి పెట్టి వెతికాడు. నేను ఇది తెచ్చి, పెట్టరా, మీ జర్మనీవాడు చూడొచ్చాడా అన్నాను."

"నవ్వి ఉంటాడు."

"నవ్వలేదు. మీ బండ్ల పిచ్చివాళ్ళకి ఇలాంటివాటికి నవ్వు రాదు కదా. ఇంజను పరువు తీసినట్టు చూశాడు నన్ను. అయినా పెట్టాడు."

"మార్చను లెండి."

"నీ ఇష్టం. ముందు బ్రేకులు పెద్దవి వేశావే."

"పెద్ద మోడలువి తెచ్చి వేశానండీ. ఈ బండికి పరుగెత్తడం తెలుసు, ఆగడమే తెలీదు. ఎవరు చేయించినా మొదట అవే మార్చాలి."

"వాడూ అదే అన్నాడు. ఆర్డరు పెట్టాడు. వచ్చాయి కూడా, వాడు పోయిన తర్వాత."

"ఎక్కడున్నాయి?"

"మంచం కింద. పెట్టె విప్పలేదు. ఇంతకీ ఇంజను ఎందుకు దింపావు?"

"లోపలి బెల్టు కాలం తీరిందండీ. ఇదిగో, పళ్ళున్న ఈ బెల్టు. ఇది నడుస్తుండగా తెగిందా, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని మొత్తం పోతుంది. ఎలాగూ చెయ్యి పెట్టాం కదా అని నీళ్ళ పంపు, ఇంజను కింది రబ్బర్లు, వైర్లు... ఒకటి పట్టుకుంటే పది ఊడతాయి. వైర్ల మీది తొడుగు ముట్టుకుంటే చాలు, బూడిదలా రాలుతోంది."

"నిన్న దింపావా?"

"నిన్నేంటండీ. నెల దాటింది."

"దాటి ఉండదు."

"దాటింది పెద్దాయనా. రబ్బర్లు ఇంకా ఓడలోనే ఉన్నాయి. అన్నానికి సైకిలు మీద పోతున్నాను, దొరగారి డ్రైవరు సైకిలెక్కాడని మా వీధంతా ఒకటే నవ్వు."

"నిన్న వచ్చింది కదా."

"ఏది?"

"బండి. నిన్న మధ్యాహ్నం. మొన్నా వచ్చింది."

"ఈ బండా?"

"మరే బండి?"

"ఇంజను ఇక్కడ, గొట్టం అక్కడ, బండి దిమ్మల మీద. ఎలా వస్తుందండీ?"

"అయితే ఇంకెవరిదైనా అయ్యుంటుంది."

"అయిదు సిలిండర్లది ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా? వాడింటి ముందు నేనే కాపురం పెట్టేవాణ్ణి."

"లారీ ఏదో పోయి ఉంటుంది."

"మోటార్ల దగ్గర పనిచేసిన మనిషి మీరు. లారీకీ దీనికీ తేడా తెలీదా?"

"ఎందుకు తెలీదు. నాలుగు సిలిండర్లది దరువు. ఆరుది ఊయల. ఇది అటూ కాదు ఇటూ కాదు. ఒక కాలు కాస్త పొట్టిగా ఉన్న మనిషి పరుగెత్తుకొస్తున్నట్టుంటుంది. మలుపు దగ్గర గేరు దించగానే గొంతు మారుతుంది. గేటు ముందు నిలిపాక కూడా వెంటనే ఆపడు. ఆపరా, అన్నం చల్లారిపోతోంది అంటే, కాసేపు ఊపిరి తీసుకోనీ నాన్నా అంటాడు."

"ఇంజనుకి గాలి ఊదే టర్బో చల్లారాలండీ, అందుకు. తిరిగి తిరిగి మండిపోయి ఉంటుంది, టక్కున ఆపితే పాడవుతుంది. నేనూ వెంటనే ఆపను."

"నువ్వు మా గేటు ముందు ఆగవు."

"ఆగను."

"ఆగుతోంది బాబూ."

"ఎవరికి?"

"అదే. ఆవిడకి. మా ఆవిడకి."

"ఏమంటారు ఆవిడ?"

"ఏమంటుంది. లేస్తుంది. వెళ్ళి గేటు తీస్తుంది. వీధిలో ఎవరూ ఉండరు. వచ్చి పళ్ళెం పెడుతుంది. మూడోది."

"మీరు చెప్పి చూడలేదా?"

"ఆవిడకి చెప్పినా లాభం లేదు."

"మీకు మాత్రం వినిపించదు."

"నాకెందుకు వినిపిస్తుంది?"

"ఇందాక మీరే అన్నారు, మలుపు దగ్గర గొంతు మారుతుందని."

"అది పాత సంగతి. నువ్వు సైలెన్సర్ వెయ్యి, అంతే నేను అడిగేది."

"ఫోను నంబరివ్వండి, ఆవిడతో నేను మాట్లాడతాను."

"ఆవిడ ఫోను ఎత్తదు."

"అయితే పదండి, మీ ఇంటికే వస్తాను. ఈ పాత బెల్టు తెచ్చి చేతిలో పెడతాను. అమ్మా, ఇది లేనిదే ఆ ఇంజను ఒక్క చుట్టు తిరగదు, ఇది నెల నుంచీ నా బల్ల మీదే ఉంది అంటాను. కళ్ళతో చూస్తే నమ్ముతారు."

"నువ్వు రావద్దు."

"నావల్ల ఒక తల్లికి తిండి లేదంటే నాకెలా ఉంటుంది చెప్పండి."

"నీవల్ల అనలేదు. డబ్బా వెయ్యి చాలు."

"నడవని బండికి డబ్బా వేస్తే ఏం తగ్గుతుంది పెద్దాయనా? రండి. నేనే చెప్తాను."

"గొడుగు తీసుకో."

ఇద్దరూ గొడుగు విప్పకుండానే నడిచారు. వాన పడలేదు.

"నా షెడ్డు మీకెలా తెలిసింది?"

"బండి నడిచే రోజుల్లో దాని వెనకాలే నడిచి వచ్చాను. శబ్దం ఎటు పోతే అటు. మీ రేకు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను."

"పిలవకపోయారా?"

"లోపల ఈల వేసుకుంటున్నావు. ఏమని పిలవను? అవునూ, బండి నూనె తాగుతోందా?"

"కొంచెం తాగుతుంది. పొగ మాత్రం లేదు."

"వాడి దగ్గరా అంతే. వాడు ఒప్పుకునేవాడు కాదు. ఈ ఇంజను పుట్టుకే అంత అనేవాడు."

"నేనూ అదే అంటానండీ మా ఆవిడతో."

"ఇదే ఇల్లు. గేటు నేను తీస్తాను, కింద రాయి అడ్డం ఉంటుంది."

"వాకిట్లో ఆ నల్ల మరక..."

"బండి నిలిచే చోటు. నూనె కారేది. ఆవిడ కడగనివ్వదు. లోపలికి రా, ఆ కుర్చీలో కూర్చో."

"అమ్మగారేరీ?"

"వంటింట్లో. అటు తిరిగి ఉంది."

"అమ్మగారూ, నమస్కారమండీ. నేను టైలర్ని."

"పనిలో ఉంటే పలకదు."

"అమ్మగారూ."

"చెప్పాను కదా పలకదని. కూర్చో. నేనే పిలుస్తాను, కాసేపు ఆగు."

"అన్నం వేళ అయిపోయిందండీ, మా ఇంట్లోనూ చూస్తుంటారు. ఒక్క మాట చెప్పి పోతాను... ఎక్కడికి లేచారు?"

"గేటు."

"గేటుకేమైంది?"

"గాలికి కొట్టుకుంటోంది."

"గాలెక్కడుంది పెద్దాయనా, ఆకు కూడా కదలడం లేదు."

"కాసేపు మాట్లాడకు."

"పెద్దాయనా. గేటు దగ్గర ఎవరూ లేరు. పెద్దాయనా."

"ఎవరు బాబూ నువ్వు? వంటింట్లోంచి వస్తూ చూశాను, ఆయన లేచి వెళ్ళారు కదూ. వచ్చిందా?"

"అమ్మగారూ, నమస్కారం. రాలేదండీ. ఏ బండీ రాలేదు. ఆ బండి నాదే, ఇంజను దింపి నెలైంది. ఇదిగో ఈ బెల్టు చూడండి, ఇది లేనిదే ఇంజను తిరగదు. మీకు వినిపిస్తున్నది నిజం కాదమ్మా, లోపల ఉన్న దిగులే అలా..."

"వెలుగులోకి వచ్చి చెప్పు బాబూ. కిటికీకి అడ్డంగా నిలబడ్డావు. నీ పెదాలు కనపడటం లేదు."

"పెదాలా?"

"పెదాలు చూస్తేనే నాకు తెలిసేది. మా వాడు నడక నేర్చేనాటికే నా చెవులు పోయాయి. ఆయన చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా."

"చెప్పరు. ఏమని తీసుకొచ్చారు నిన్ను?"

"మీకు మధ్యాహ్నం పూట బండి వినిపిస్తోందని. మీరే లేచి గేటు తీస్తున్నారని."

"నేనా."

"ఆ మరక కూడా మీరే కడగనివ్వడం లేదని."

"నేను చీపురు పట్టుకుంటే ఆయన అడ్డం వచ్చి నిలబడతారు. ఇంకా ఏమన్నారు?"

"పళ్ళెం పెడతారన్నారు."

"అది నేనే పెడతాను. అదిగో చూడు. గేటు రెండు రెక్కలూ తీసి పట్టుకుని నిలబడ్డారు. ఇంజను ఆపేదాకా అలాగే ఉంటారు. అలా నిలబడిన మనిషిని చూస్తూ పళ్ళెం పెట్టకుండా ఎలా ఉండమంటావు?"

"ఆయనకి మీరు చెప్పలేదా అమ్మా?"

"ఏమని చెప్పను? ఈ ఇంట్లో ఒకరికి మతి చెదిరిందని ఊరు అనుకోవాలంటే నా పేరు మీదే అనుకోనీ. నాకేం, ఎవరేమన్నా వినపడదు. ఆ చేతిలోది మా వాడి ఇంజనులోదేనా?"

"అందులోదే."

"ఇటివ్వు. పళ్ళు అరిగిపోయాయే. వాడు నా అరచెయ్యి పట్టుకెళ్ళి బండి ముందు మూత మీద పెట్టేవాడు. విను అమ్మా అనేవాడు. మోచెయ్యి దాకా దడదడలాడేది, నాకు నవ్వాగేది కాదు. ఈ చెవులు పోయాక నేను విన్నది అదొక్కటే."

"ఇంజను బిగించగానే తెస్తానమ్మా. చెయ్యి పెడుదురు గాని."

"తీసుకురా. ఆయన్ని కూడా పెట్టమను. చేత్తో వింటే, అది ఆగినప్పుడు తెలుస్తుంది."

"తెస్తాను."

"వస్తున్నారు. నేను చెప్పానని అనకు."

"ఏమంటోంది ఆవిడ?"

"శబ్దం ఎక్కువగా ఉందంటున్నారు పెద్దాయనా."

"చెప్పానా నీకు?"

"చెప్పారు. మధ్య డబ్బా వేస్తానన్నాను."

"వెయ్యి బాబూ. ఆవిడ కోసం."

"కాళ్ళు కడుక్కుని రండి, చల్లారిపోతుంది. నువ్వూ కూర్చో బాబూ."

"నేను ఇంటికి పోవాలమ్మా. అదీగాక పళ్ళేలు మూడే ఉన్నాయి. మీ ఇద్దరివీ, ఇంకా..."

"ఆ మూడోది నీ ముందుకి జరుపుకో. అది వేడిగా ఉండగా ఎవరైనా తింటే చూడాలని ఉంది నాకు."

ముగ్గురూ తిన్నారు. గేటు వెయ్యడానికి ఎవరూ లేవలేదు.